కేంబ్రిడ్జిలో కాలేజీ చాపెల్ క్వయర్: ఆడిషన్ లేదు, జీతం లేదు, చేరొచ్చా?

ఉప్పలపాడు పిట్ట
అందరికీ నమస్తే అండి. ఈ అక్టోబర్‌లో కేంబ్రిడ్జిలో ఎంఫిల్‌కి చేరాను. మా కాలేజీ చాపెల్ (కాలేజీలోనే ఉండే చర్చి) బయట నోటీసు పెట్టారు. క్వయర్‌లో ఆల్టోలూ (ఆడవాళ్ళ కింది గొంతు) టెనార్లూ (మగవాళ్ళ పై గొంతు) తక్కువున్నారు, ఆడిషన్ ఏమీ లేదు, ఏ మతం వాళ్ళైనా రావచ్చు, పాడాలని ఉంటే చాలు అని. వారం మధ్యలో ఒక సాయంత్రం రిహార్సల్, ఆదివారం ఈవెన్‌సాంగ్ (పాటలతో జరిగే సాయంత్రం ప్రార్థన), దానికి ముందు మళ్ళీ రిహార్సల్, అంతా అయ్యాక హాల్లో భోజనం కాలేజీ పెడుతుంది.

గుంటూరులో మా లూథరన్ చర్చి క్వయర్‌లో చిన్నప్పట్నుంచీ పాడాను, పక్కన పై గొంతు సొప్రానోలు ఎంత గట్టిగా పాడినా నా ఆల్టో వదలకుండా నిలబడగలను. కాకపోతే మాకు అంతా టానిక్ సోల్ఫానే, డో రే మీ అక్షరాలు, మధ్యలో చుక్కలు, మా మాస్టారు హార్మోనియం మీద ఒక్కో పార్టు వచ్చేదాకా వాయించి నేర్పేవారు. అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ నాకు చదవడం రాదు. ఇక్కడేమో కొత్త షీటు చేతిలో పెడితే అప్పటికప్పుడు చదివి పాడేస్తారంట. కోర్సు చూస్తే ఏడాది కూడా ఉండదు. పాడినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా ఉంటుందో చెప్తారా?

ఓరుగల్లు ఆల్టో
చేరు చెల్లె, ఇంక ఆలోచించకు. నేను అక్కడ్నే వేరే కాలేజీల ఆల్టో పాడిన, పీహెచ్‌డీ అయ్యేదాక.

కేంబ్రిడ్జి క్వయర్ అనంగనే మనోళ్ళకు క్రిస్మస్‌కి వచ్చే కింగ్స్ కాలేజీ గుర్తొస్తది. అది వేరే లెక్క. అక్కడ చిన్న పిల్లగాండ్లు స్కూల్ల చదువుకుంట పాడ్తరు, వాళ్ళతోని కోరల్ స్కాలర్లు, అంటే పాడినందుకు కాలేజీ పైసలిచ్చే స్టూడెంట్లు, టర్మ్‌ల దాదాపు రోజూ సర్వీస్ ఉంటది. సెయింట్ జాన్స్ గూడ గట్లాంటిదే, 2022 నుంచి అమ్మాయిల్ని గూడ తీసుకుంటున్నరు. ట్రినిటీ, క్లేర్ అసొంటి కాలేజీలల్ల స్టూడెంట్లే పాడ్తరు గానీ ఆడిషన్ గట్టిగుంటది, రికార్డింగులు చేస్తరు, టూర్లు పోతరు. ఇవి పక్కన పెడ్తే మిగిలిన శానా చిన్న చాపెళ్ళల్ల క్వయర్ నడిపేది ఆర్గన్ స్కాలర్, అంటే ఇంక డిగ్రీ చదువుతున్న పిల్లగాడో పిల్లనో. వాళ్ళకూ అది నేర్చుకునే జాగనే. కొందరు కోరల్ స్కాలర్లుంటరు, ఏడాదికి ఇంత అని చిన్న మొత్తం, పాట క్లాసులకు పైసలు ఇస్తరు. మిగిలినోళ్ళంత నీ అసొంటి వాలంటీర్లే.

సైట్ రీడింగ్ గురించి భయపడకు. మొదటి రోజు పోంగనే బాగ చదివే ఆల్టో ఎవరో చూసుకొని ఆమె పక్కకే నిలబడు. పెన్సిల్ లేకుండ పోకు, అదొక్కటి మాత్రం క్షమించరు. శ్వాస ఎక్కడ తీసుకోవాలె, ఎక్కడ తీసుకోవద్దు, కండక్టర్ చెప్పిన ప్రతిదీ గీసుకో. ఇంకొకటి, రిహార్సల్‌ల తప్పు పాడితే పాడుకుంటనే ఒక్కసారి చెయ్యి లేపుతరు, "నా తప్పే, నాకు తెలిసింది, ఆపకుర్రి" అని దాని అర్థం. పాడీ పాడీ ఆరితేరినోళ్ళు గూడ లేపుతరు. అది చూసినంక నాకు సగం భయం పోయింది.

శ్రుతిబాక్స్
సోల్ఫా వచ్చినవాళ్ళకి స్టాఫ్ చదవడం రాదనుకోవద్దు, మీ దగ్గర ఉన్నదే అసలైన సరుకు. ఇంగ్లండ్‌లో నారిచ్‌లో సారా గ్లోవర్ అనే టీచరమ్మ మొదలుపెడితే జాన్ కర్వెన్ అనే పాస్టరు దాన్ని దిద్ది 19వ శతాబ్దంలో ఊరూరా పంచాడు, మిషనరీలతో అది మన చర్చిలకీ వచ్చింది. అంటే మీరు గుంటూరులో నేర్చుకున్నది మళ్ళీ పుట్టింటికి తీసుకెళ్తున్నారు. దాంట్లో డో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మన షడ్జమం లాగానే.

నేను కర్నాటక సంగీతం నేర్చుకుని వెళ్ళినవాణ్ణి, బేస్, అంటే మగవాళ్ళ కింది గొంతు, పాడాను (ఆక్స్‌ఫర్డ్‌లో, కానీ పద్ధతి ఒకటే). నాకు పనికొచ్చిన కిటుకు ఇది. షీటు మొదట్లో ఉన్న షార్పులు చూడండి, ఆఖరి షార్ప్ ఏ గీత మీదుంటే అది టీ, అంటే మన నిషాదం, దాని పై మెట్టు డో. ఫ్లాట్లు ఉంటే ఆఖరి ఫ్లాట్ ఫా, అంటే మన శుద్ధ మధ్యమం, అక్కణ్ణుంచి కిందికి లెక్కపెట్టుకుంటే డో దొరుకుతుంది. పాట మేజర్‌లో ఉంటే శంకరాభరణం అనుకోండి, మైనర్ అయితే నఠభైరవి, నిషాదం షార్ప్ చేస్తే కీరవాణి. మధ్యలో కీ మారితే గ్రహభేదం చేసినట్టు డోని జరుపుకోవాలి, మొదట్లో అక్కడే తడబడతాం.

ఇంకో విషయం చెప్పాలి, మనవాళ్ళు చాలామంది దీన్ని పట్టించుకోరు. ఆర్గన్ లేకుండా పాడేటప్పుడు శ్రుతి మెల్లగా దిగిపోతుంది. నాలుగు పార్టులు కలిసి మేజర్ కార్డ్ మీద ఆగినప్పుడు గాంధారం పాడేవాళ్ళు పియానోలో ఉన్నంత ఎత్తులో పాడకూడదు, వెంట్రుక వాసి తగ్గించాలి. తంబురా మీటుతుంటే దానంతటదే వినపడే స్వయంభువు గాంధారం ఉంటుంది చూశారా, సరిగ్గా అక్కడ. ఆల్టోలకి ఆ స్వరం తరచు వస్తుంది. మీరు దాన్ని సరిగ్గా పెట్టిన క్షణం రాతి గోడలున్న చాపెల్లో మొత్తం కార్డ్ ఒక్కసారి నిలబడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిపోతుంది. నేను కచేరీలు చాలా విన్నా, చిన్నవి పాడా, కానీ పదిమంది గొంతులు కలిసి నా ఒక్క స్వరాన్ని మోసిన ఆ అనుభవం మాత్రం అక్కడే దొరికింది.

బెజవాడ లెక్క
అందరూ చేరు చేరు అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. ఎంఫిల్ ఫీజు ఎంతో మనకి తెలుసు, ఇంట్లో పొలం మీదో ఇంటి మీదో లోన్ తీసుకుని వచ్చినవాళ్ళం. కేంబ్రిడ్జి టర్మ్ అంటే 8 వారాలే, ఆ 8 వారాల్లోనే ఎస్సేలు, సూపర్‌విజన్లు (టీచర్‌తో చిన్న క్లాసులు), అన్నీ. వారానికి రెండు సాయంత్రాలు అంటారు గానీ మధ్యలో ఫీస్ట్ అనీ పాత విద్యార్థుల కార్యక్రమం అనీ ఎవరిదో పెళ్ళనీ పిలుస్తారు, నా రూమ్మేట్ ఒక కాలేజీలో పాడేవాడు, పరీక్షల ముందు కూడా రాను అని చెప్పలేక నలిగిపోయాడు. వాలంటీర్ అన్న మాటకి రావడం నా ఇష్టం అని కదా అర్థం, అక్కడేమో రాకపోతే నలుగురికీ ద్రోహం చేసినట్టు చూస్తారు. కాలేజీలకేమో తరతరాల ఆస్తులు. పాడేవాళ్ళ కష్టానికి ఒక పూట భోజనం సరిపోతుందా? పాట మీద ప్రేమ లేక కాదు నేను అడిగేది, ఆ ప్రేమని వాడుకోవడం నాకు నచ్చదు.

ఓరుగల్లు ఆల్టో
అన్నా నువ్వు చెప్పినదాంట్ల నిజముంది, కాదనను. అందుకే చేరే ముందే అడగాలె. పెళ్ళిళ్ళకు పాడితే విడిగ పైసలు ఇచ్చుడు శానా చోట్ల ఉన్న పద్ధతే, మీ దగ్గరుందా అని మొదటి రోజే అడుగు చెల్లె, సిగ్గుపడకు. ఈస్టర్ టర్మ్‌ల పరీక్షలుంటయి కాబట్టి పాటలు తేలికవి పెడ్తరు, కొన్ని చోట్ల సర్వీసులు తగ్గిస్తరు. ఏ వారం రానో ముందుగాల రాసి పంపితే ఆర్గన్ స్కాలర్ దానికి తగ్గ పాట పెట్టుకుంటడు. ఆల్టోలు ఇద్దరే ఉన్నరని తెలిస్తే ఎనిమిది పార్టుల పాట పెట్టడు గద.

గానీ పైసల లెక్క వరకే ఆపితే నాకు బాధైతది. ల్యాబ్‌ల నా ప్రయోగం నెలల తరబడి పనిచెయ్యలేదు. ఆదివారం సాయంత్రం అక్కడికి పోతే గంటసేపు నా పని ఒక్కటే, పక్కామె గొంతుల నా గొంతు కలపాలె. ఊరు కాని ఊర్ల నాకు మొదటి దోస్తులు ల్యాబ్‌ల దొరకలె, ఆల్టో వరసల దొరికిండ్రు.

నెల్లూరు నేరేడు
నాదీ ఒక ప్రశ్న, ఇదే త్రెడ్‌లో అడుగుతున్నా ఏమనుకోకండి. నేను డర్హమ్‌లో మాస్టర్స్, మాది హిందూ కుటుంబం, అమ్మ రోజూ దీపం పెట్టందే కాఫీ తాగదు. ఒక ఫ్రెండ్‌తో వెళ్ళి ఈవెన్‌సాంగ్ విన్నా, పాడాలని చాలా గట్టిగా అనిపించింది. కానీ నమ్మకం లేకుండా "నేను విశ్వసిస్తున్నాను" అని క్రీడ్ (విశ్వాస ప్రమాణం) చెప్పడం తప్పు కదా, వాళ్ళ దేవుణ్ణి అవమానించినట్టు కదా? ఇంట్లో చెప్తే ఏమంటారో అని ఇంకో భయం. నేను దీన్ని కాలక్షేపంగా తీసుకోలేను, అందుకే అడుగుతున్నా.

కాకినాడ బేస్ బాబాయ్
అమ్మా నేరేడూ, నువ్వు ఇలా అడిగావంటేనే నీకు ఆ స్థలం మీద గౌరవం ఉందని అర్థమవుతోంది. నేను విశ్వాసిని, కాకినాడ బాప్టిస్టు కుటుంబం, లీడ్స్ దగ్గర డాక్టర్‌గా రిటైరయ్యాను, ఇప్పటికీ ఊరి చర్చిలో బేస్ పాడతాను. నా వైపు నుంచి చెప్తాను.

కాలేజీ చాపెల్ క్వయర్లలో సగం మందికి పైగా నమ్మకం లేనివాళ్ళున్న చోట్లు నేను చూశాను. అక్కడి చాప్లిన్లకి, అంటే చాపెల్ పాస్టర్లకి, అది కొత్త కాదు. క్రీడ్ దగ్గర అందరూ తూర్పుకి తిరిగి నిలబడతారు, చెప్పనివాళ్ళు మౌనంగా నిలబడతారు, ఎవరూ అడగరు. ప్రభురాత్రి భోజనం తీసుకోవడం తీసుకోకపోవడం నీ ఇష్టం. చేరే ముందు చాప్లిన్‌ని కలిసి నీకున్న సందేహం ఇదీ అని చెప్పు, చాలా మంచి మాటలు మాట్లాడతారు.

ఈ సంగీతం రాసినవాళ్ళని చూడు. విలియం బర్డ్ కాథలిక్, ఆయన పనిచేసింది ప్రొటెస్టెంట్ రాణి ఎలిజబెత్ చాపెల్ రాయల్‌లో. వాన్ విలియమ్స్ కేంబ్రిడ్జి ట్రినిటీలో చదివినవాడు, 1906లో వచ్చిన ఇంగ్లిష్ హిమ్నల్‌కి సంగీత సంపాదకుడు, ఆయన తనని తాను విశ్వాసి అనుకోలేదు. ఆ పుస్తకంలోంచి లక్షలమంది ప్రార్థన చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను. పాడే మనిషి మనసులో ఏముందో నాకు తెలియదు, కానీ శ్రద్ధగా పాడిన పాట మీద నేను ప్రార్థన చేసుకోగలను.

అమ్మకి మాత్రం దాచకు తల్లీ. ఫోన్‌లో ఒక సర్వీస్ వినిపించు, ఆవిడకి పాట తెలుస్తుంది.

నెల్లూరు నేరేడు
థాంక్యూ బాబాయ్ గారూ. ఇది చదివి కళ్ళు చెమర్చాయి. చాప్లిన్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను.

ఉప్పలపాడు పిట్ట
అప్‌డేట్ ఇస్తున్నా. చేరాను! పెళ్ళిళ్ళ పైసల గురించి కూడా అడిగాను అక్కా, విడిగా ఇస్తారంట.

ఆంథమ్ (సర్వీసులో క్వయర్ విడిగా పాడే పాట) టాలిస్ అనే పాత ఇంగ్లిష్ స్వరకర్తది, నాలుగు పార్టులు, అది సాధన చేస్తే వచ్చేసింది, లిరిక్ మొత్తం యోహాను సువార్త వచనమే కాబట్టి అర్థం ముందే తెలుసు. మాగ్నిఫికాట్, నుంక్ డిమిటిస్ అంటే ఏంటో అని కంగారుపడ్డా, చూస్తే లూకా మొదటి అధ్యాయంలో మరియ పాట, రెండో అధ్యాయంలో సుమెయోను మాటలు, సండేస్కూల్లో కంఠతా పట్టినవే. అవి ప్రతి ఈవెన్‌సాంగ్‌లో ఉంటాయి, సంగీతం మాత్రం ప్రతి వారం వేరేవాళ్ళది. మాది రెండు వైపులా ఎదురెదురుగా నిలబడే చాపెల్, నన్ను కాంటోరిస్ వైపు వేశారు, అవతలి వైపు డెకానీ.

నన్ను ముంచింది మాత్రం కీర్తనల గ్రంథం. సామ్ (దాంట్లోని కీర్తన) పాడటం అసలు అర్థం కాలేదు. పైన అయిదు గీతల మీద చిన్న ట్యూన్ ఉంది, కింద పేజీ నిండా మాటలు, మాటల మధ్య నిలువు గీతలు. ఒక స్వరం మీద ఇరవై మాటలు కూడా వస్తాయి, ఒక్కోసారి రెండే వస్తాయి, అందరూ ఒకేసారి ఎలా మారుతున్నారో నాకు తెలియడం లేదు. కండక్టర్ చెయ్యి కూడా కొట్టడం లేదు!

శ్రుతిబాక్స్
ఆంగ్లికన్ చాంట్. మొత్తం సర్వీసులో కష్టమైనది అదే, అందమైనదీ అదే అని నా అభిప్రాయం.

సింగిల్ చాంట్‌కి 10 స్వరాలు, డబుల్‌కి 20. ప్రతి సగానికి మొదటి స్వరం మీద ఎన్ని మాటలున్నా పట్టుకుని చెప్పాలి, ఆ తర్వాత నిలువు గీత వచ్చిన చోట స్వరం మారాలి. ఆ గీతలు పెట్టడాన్ని పాయింటింగ్ అంటారు. తాళం లేదు, మాట నడకే తాళం. మన నాటకాల్లో పద్యం పాడేవాళ్ళని గుర్తు చేసుకోండి, పాదంలో మాటలన్నీ అర్థం చెడకుండా నడిపించి చివర్లో రాగం తీస్తారు కదా. ఇక్కడ రాగం తీయరు, అదొక్కటే తేడా, పైగా ఆ నడకని పాతికమంది కలిసి నడవాలి. అందుకే కండక్టర్ లెక్క కొట్టడు. ఎలా కలుస్తుందంటే, ముందు పాట లేకుండా ఆ వచనాన్ని అందరూ కలిసి మామూలుగా చదవాలి. మీ వాళ్ళు చదివించకపోతే మీరే అడగండి.

1662 ప్రార్థన పుస్తకంలో 150 కీర్తనల్నీ నెలలో 30 రోజులకి, పొద్దున సాయంత్రం అని పంచారు. 15వ తేదీ సాయంత్రం 78వ కీర్తన, 70కి పైగా చరణాలు, ఐగుప్తు నుంచి దావీదు దాకా కథంతా. రోజూ పాడే చోట 15 వస్తోందంటే క్వయర్‌కి ముందే తెలుసు. మీ చాపెల్లో వారానికొకటే కాబట్టి ఏదో ఒక భాగం ఏరుకుంటారు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మన నాలుకకి మాట చివర అచ్చు లేకపోతే తోచదు, లార్డ్ అనాల్సింది లార్డు అయిపోతుంది. పాతికమందిలో ఒక్కరు ఆ ఉకారం వదిలినా చాపెల్లో స్పష్టంగా వినపడుతుంది. చివరి డ్ అందరితో పాటు పెట్టి నోరు కట్టేయాలి. ట, డ నాలుక మడిచి పలక్కండి, పళ్ళ వెనక చిగురుకి ఆనించి పలకండి. గమకం రాకుండా చూసుకోవడం కన్నా నాకు ఇదే కష్టమైంది.

ఉప్పలపాడు పిట్ట
రిహార్సల్లో అడిగాను, చదివించారు. గొంతు ఎక్కడ ఆగాలో అర్థంతోపాటే తెలిసిపోతోంది. వెయ్యి దండాలు అండి.

బెజవాడ లెక్క
నవంబర్‌లో కెరోల్ సర్వీస్ వస్తుంది చూసుకో చెల్లీ. టర్మ్ డిసెంబర్ మొదట్లోనే అయిపోతుంది కాబట్టి కాలేజీలన్నీ క్రిస్మస్ ముందే చేసేస్తాయి, నవంబర్ 25ని పిల్లలు బ్రిడ్జిమస్ అంటారు. ఆ వారం ఎస్సే గడువులు కూడా అక్కడే పడతాయి. ఎస్సేలు ఇప్పట్నుంచే రాసి పెట్టుకో. పాడొద్దని కాదు నేననేది, రెండూ బాగా చెయ్యాలని.

కాకినాడ బేస్ బాబాయ్
లెక్క బాబూ మంచి మాట చెప్పావు.

కెరోల్ సర్వీస్ సంగతి కూడా కొంచెం చెప్తాను. తొమ్మిది పాఠాలు, మధ్యమధ్య కెరోల్స్ అనే ఈ క్రమం 1880లో కార్న్‌వాల్‌లో ట్రురోలో బిషప్ బెన్సన్ పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో కింగ్స్ కాలేజీలో ఎరిక్ మిల్నర్ వైట్ మొదలుపెట్టారు, ఆయన యుద్ధంలో సైన్యానికి చాప్లిన్‌గా పనిచేసి వచ్చిన మనిషి. 1928లో బీబీసీ రేడియోలో వచ్చింది. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. మన ఊళ్ళలో స్కూళ్ళు, చర్చిలు డిసెంబర్‌లో చేసే కెరోల్ సర్వీసుల్లో చాలావాటికి మూలం అదే. అందుకే పిట్టకి అది కొత్తగా అనిపించదు, ఏ పాఠం తర్వాత ఏది వస్తుందో ముందే తెలుసు.

ఉప్పలపాడు పిట్ట
కెరోల్ సర్వీస్ అయిందండి. చాపెల్ నిండిపోయి జనం బయట నిలబడ్డారు. కాసక్ (క్వయర్ వేసుకునే పొడుగు అంగీ) గుండీలు పెట్టుకోవడమే పెద్ద పని, మెడ దగ్గర్నుంచి పాదాల దాకా ఉంటాయి, దానిపైన సర్‌ప్లిస్ అనే తెల్లటి వదులు అంగీ. మా ఆల్టోల వరసలో ఒక అబ్బాయి కూడా ఉన్నాడు, కౌంటర్ టెనార్, అంటే ఆల్టో ఎత్తులో పాడే మగ గొంతు, అతను పై స్వరాల్లో అలసిపోతే నేనూ, కింది స్వరాల్లో నాకు గొంతు అందకపోతే అతనూ పట్టుకున్నాం. ఒక పొడుగు వాక్యం దగ్గర అందరూ ఒకేచోట శ్వాస తీయకుండా వంతులు వేసుకున్నాం, బయటికి ఎక్కడా తెగినట్టు వినపడదు. ఎస్సే కూడా గడువులోపు ఇచ్చేశాను అన్నా.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే టర్మ్‌లో ఒక ఆదివారం వేరే భాషల పాటలు పెట్టాలని ఆర్గన్ స్కాలర్ అనుకుంటోంది, మీ దగ్గర్నుంచి ఏదైనా ఉందా అని నన్నడిగింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి పురుషోత్తమ చౌదరి గారిది ఒకటి ఇద్దామని ఉంది. నాలుగు పార్టులు తను రాస్తానంటోంది. ఇద్దామా?

శ్రుతిబాక్స్
ఇవ్వండి, కానీ నాలుగు పార్టులు వద్దు. ఆ పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగం, తాళం వేసి ఉంటాయి. 1803లో పుట్టిన మనిషి మన రాగాల్లో అనుకుని రాసినవి, కింద కార్డులు పెడితే రాగం చచ్చిపోతుంది. పల్లవి మీరొక్కరే పాడండి, క్వయర్‌ని సా పా మీద ఆధార శ్రుతిగా నిలబెట్టండి, ఆర్గన్ కూడా అక్కర్లేదు.

కాకినాడ బేస్ బాబాయ్
నేను ఒప్పుకోను శ్రుతీ. మా కాకినాడలో ఆ కీర్తనల్ని హార్మోనీతో పాడటం నేను చిన్నప్పుడే విన్నాను, రాగం ఎక్కడికీ పోలేదు. క్వయర్ వాళ్ళని శ్రుతిపెట్టెలా నిలబెడితే వాళ్ళకి తెలుగు మాట ఒక్కటైనా నోట పలికే భాగ్యం ఉండదు కదా. పల్లవి మాత్రం అందరూ కలిసి ఒకే స్వరంలో, అనుపల్లవి ఆమె ఒక్కతే, చరణం చివర్లో నాలుగు పార్టులు. తేలిక రాగం ఎంచుకుంటే సరి.

ఓరుగల్లు ఆల్టో
చరణం చివర్ల పార్టులు, మిగిలింది ఆధార శ్రుతి, రెండూ చెయ్యొచ్చు గద. మాటలు తెలుగుల రాస్తే వాళ్ళు చదవలేరు, ఇంగ్లిషు అక్షరాలల్ల రాసియ్యాలె చెల్లె, ళ, ణ ఎట్ల పలకాలెనో నువ్వే వాయిస్ రికార్డ్ చేసి గ్రూప్‌ల పెట్టు. కీర్తన ఏదో చెప్పు, నేను గూడ ఆల్టో లైన్ రాసి చూస్త.

ఉప్పలపాడు పిట్ట
శంకరాభరణంలో ఉన్నది వెతుకుతున్నా, అమ్మని పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపమన్నాను. రాగానే ఇక్కడ పెడతా. శ్రుతి గారూ, ఆధార శ్రుతి ఏ కీలో పెడితే బేస్‌లకి సుఖంగా ఉంటుందో కాస్త చెప్పండి.